పక్కపక్కన రెండు వెర్షన్లు: డెవలప్‌మెంట్ కాపీని, ప్రొడక్షన్ కాపీని ఒకే కంప్యూటర్లో ఉంచుకునే పద్ధతుల పోలిక

బెంగళూరు చిక్‌పేటలో ధర్మవరం పట్టుచీరలు అమ్మే ఒక దుకాణంలో మేము రాసిన బిల్లింగ్ అప్లికేషన్ నడుస్తోంది. వెనక్కి వచ్చిన చీరల లెక్కను కొత్త వెర్షన్‌లో మార్చాము గనుక, నిజమైన రద్దీలో అది ఎలా నడుస్తుందో చూడాలని, యజమాని అనుమతి తీసుకుని ఒక శనివారం మధ్యాహ్నం కౌంటర్ మీది కంప్యూటర్లోనే డెవలప్‌మెంట్ వెర్షన్‌ను, అంటే ఇంకా పరీక్షలో ఉన్న కాపీని, ఇన్‌స్టాల్ చేశాను. ప్రోగ్రాంను వేరే ఫోల్డర్‌లో పెట్టాను, ఐకాన్ పేరు చివర ‘టెస్ట్’ అని తగిలించాను, రెండు ఉత్తుత్తి బిల్లులు వేసి చూసి మూసేశాను. పావుగంట తరువాత కౌంటర్ కుర్రవాడు అసలు అప్లికేషన్‌ను తెరిస్తే, డేటాబేస్‌ను ఇంతకంటే కొత్త వెర్షన్ మార్చిందనీ, తెరవడం సాధ్యం కాదనీ చెప్పే సందేశం ఒక్కటే కనిపించింది. ఎదురుగా పెళ్లి చీరలు ఎంచుకుని డబ్బు కట్టడానికి వచ్చిన కుటుంబం నిలబడి ఉంది. “ఏమప్పా, బిల్లు చేత్తో రాసిచ్చేదా?” అని యజమాని అడిగారు.

ఉదయం తీసిన బ్యాకప్ ఉండబట్టి గండం గడిచింది. అయితే ఆ బ్యాకప్ తరువాత ఇచ్చిన బిల్లులన్నిటినీ, ఫైలులో గుచ్చిన రెండో కాపీలు చూసుకుంటూ, అదే వరుసలో మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. జీఎస్టీ నియమాల ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా రావాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ నంబరూ రెండోసారి రాకూడదు, ఒక్కొక్కటి 16 అక్షరాలు మించకూడదు. నా ఉత్తుత్తి బిల్లులు రెండూ ఆ వరుసలోనే రెండు నంబర్లను మింగేశాయి. తప్పు పూర్తిగా నాదే. ప్రోగ్రాం ఫైళ్లను వేరు చేస్తే రెండు వెర్షన్లూ వేరైనట్టేనని అనుకున్నాను. నిజానికి ఈ పనిలో అన్నిటికంటే తేలికైనది ప్రోగ్రాం ఫైళ్లను వేరు చేయడమే. పద్ధతుల మధ్య ఎంచుకునేటప్పుడు ప్రోగ్రాం ఎక్కడ ఉందని కాక, డేటా ఎక్కడ ఉంది, ఆ అప్లికేషన్‌ను ఆపరేటింగ్ సిస్టం ఏ పేరుతో గుర్తుపడుతోంది అని అడగాలి.

ఫోల్డర్ వేరైతే ఎందుకు చాలదు

విండోస్‌లో ఎంఎస్ఐ పద్ధతిలో తయారైన ఇన్‌స్టాలర్లకు ప్రోడక్ట్ కోడ్, అప్‌గ్రేడ్ కోడ్ అని రెండు గుర్తింపులు ఉంటాయి. రెండు వెర్షన్ల అప్‌గ్రేడ్ కోడ్ ఒకటే అయితే, రెండోది పాతదాని అప్‌గ్రేడ్‌గా లెక్కకు వచ్చి, సాధారణంగా పాతదాన్ని తొలగించి ఆ స్థానంలో కూర్చుంటుంది. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఇన్నో సెటప్ అనే సాధనంలో ఇదే పనిని యాప్ ఐడీ చేస్తుంది: అది మారకపోతే, కొత్త ఇన్‌స్టాలర్ మామూలుగా పాత ఫోల్డర్‌లోకే వెళుతుంది. మ్యాక్‌లో బండిల్ ఐడెంటిఫయర్ అనేది ఉంటుంది. అప్లికేషన్ల ఫోల్డర్‌లో ఫైలు పేరు మార్చినంత మాత్రాన అది మారదు గనుక, పేరు మార్చిన రెండో కాపీ కూడా మొదటిదాని సెట్టింగ్‌లనే చదువుతుంది.

మా అప్లికేషన్ ఎలక్ట్రాన్‌తో (వెబ్ టెక్నాలజీలతో డెస్క్‌టాప్ అప్లికేషన్లు కట్టే సాధనం) కట్టినది. అందులో ఇన్‌స్టాలర్ చూసే అప్లికేషన్ ఐడీ వేరు, డేటా ఫోల్డర్‌కు పెట్టే పేరు వేరు. నేను మొదటిది మార్చాను, కాబట్టి రెండు వెర్షన్లూ పేచీ లేకుండా పక్కపక్కన కూర్చున్నాయి. రెండోది, అంటే ప్యాకేజీ ఫైలులోని అప్లికేషన్ పేరు, మార్చలేదు. యాప్‌డేటా కింద రోమింగ్ ఫోల్డర్‌లో ఆ పేరుతో ఉన్న ఒకే ఒక్క సంచిలో రెండు వెర్షన్లూ చెయ్యి పెట్టాయి. ఇన్‌స్టాల్ చేయకుండా, సోర్స్ కోడ్ నుంచి నేరుగా నడిపే డెవలప్‌మెంట్ కాపీ కూడా తరచుగా ఇదే ఫోల్డర్‌ను వాడుతుంది. తమ లాప్‌టాప్‌లో తమ అప్లికేషన్‌నే రోజూ వాడుకునే డెవలపర్లు దీన్ని ఆలస్యంగా కనిపెడతారు.

డేటా తరువాత చూసుకోవలసినది ‘ఒక్క కిటికీయే’ అనే తాళం. చాలా అప్లికేషన్లు తాము ఇప్పటికే తెరిచి ఉన్నాయేమో చూసుకుని, ఉంటే రెండోసారి తెరుచుకోకుండా పాత కిటికీనే ముందుకు తెస్తాయి. ఎలక్ట్రాన్‌లో ఈ తాళం డేటా ఫోల్డర్‌కు ముడిపడి ఉంటుంది. డేటా ఫోల్డర్ ఒకటే అయినప్పుడు, డెవలప్‌మెంట్ ఐకాన్‌ను నొక్కితే ప్రొడక్షన్ (రోజూ వాడే అసలు కాపీ) కిటికీ వచ్చి ఎదురుగా నిలబడుతుంది, మీరు కొత్త కోడ్‌ను పరీక్షిస్తున్నాననుకుంటూ పాత కోడ్‌ను పరీక్షిస్తూ ఉంటారు. నేను చేసిన మార్పు పనిచేయడం లేదని ఒక పూటంతా జుట్టు పీక్కున్న సందర్భం నాకు గుర్తుంది. అసలు ఆ మార్పు ఉన్న ప్రోగ్రాం తెరుచుకోనే లేదు.

ఇంకొక చిక్కు లాగిన్ దగ్గర వస్తుంది. అప్లికేషన్ లాగిన్ కోసం బ్రౌజర్‌ను తెరిచి, పని అయ్యాక తనదైన ప్రత్యేక చిరునామా పద్ధతి (‘http’ స్థానంలో తన పేరుతో మొదలయ్యే లింకు) ద్వారా ఫలితాన్ని వెనక్కి తెచ్చుకుంటుంది. ఒక చిరునామా పద్ధతికి విండోస్ రిజిస్ట్రీలో ఒక్క యజమానే ఉంటాడు, చివర రాసినవాడిదే చెల్లుతుంది. అందువల్ల డెవలప్‌మెంట్ కాపీలో లాగిన్ నొక్కితే, టెస్ట్ సర్వర్ ఇచ్చిన టోకెన్ (లాగిన్ అయినట్టు తెలిపే గుర్తు) ప్రొడక్షన్ కాపీ చేతికి పోవచ్చు, లేదా అసలు సర్వర్ టోకెన్ టెస్ట్ కాపీకి రావచ్చు. మొదటిది విసుగు పుట్టిస్తుంది, రెండోది ప్రమాదం. దీనికి డెవలప్‌మెంట్ వెర్షన్‌కు వేరే చిరునామా పద్ధతి పెట్టి, లాగిన్ సర్వర్‌లో దాన్ని విడిగా నమోదు చేయడం తప్ప వేరే మందు లేదు.

పోర్టులు, సర్వీసుల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇద్దరూ 5432 పోర్టులోని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంనే అడిగితే ఇద్దరికీ దొరికేది ఒకే డేటాబేస్. ఒకే పేరుతో రెండు విండోస్ సర్వీసులు ఉండవు. తూకం యంత్రం తగిలించిన సీరియల్ పోర్టును ఒక ప్రోగ్రాం తెరిస్తే రెండోదానికి దొరకదు.

మొదటి దారి: పూర్తిగా వేరే గుర్తింపు

డెవలప్‌మెంట్ వెర్షన్‌ను అన్ని విధాలా మరొక అప్లికేషన్‌గా తయారుచేయడం ఈ పద్ధతి. పేరు, ఐడీ, డేటా ఫోల్డర్, చిరునామా పద్ధతి, అప్‌డేట్ తెచ్చుకునే చోటు, ఐకాన్ అన్నీ వేరుగా ఉంటాయి. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌కూ, దాని ముందస్తు వెర్షన్ వీఎస్ కోడ్ ఇన్‌సైడర్స్‌కూ ఉన్న సంబంధం ఇదే. మామూలుదానికి నీలం ఐకాన్, ఇన్‌సైడర్స్‌కు ఆకుపచ్చ. సెట్టింగ్‌లు, ఎక్స్‌టెన్షన్‌లు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. కమాండ్ లైన్‌లో పిలిచే పేరు కూడా వేరే. క్రోమ్ ముందస్తు పరీక్షా వెర్షన్ అయిన గూగుల్ క్రోమ్ కెనరీ విండోస్‌లో తన డేటాను మామూలు క్రోమ్ ఫోల్డర్‌లో కాక పక్కన మరొక ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. గ్నోమ్ (లినక్స్ డెస్క్‌టాప్) అప్లికేషన్ల డెవలప్‌మెంట్ వెర్షన్లకు ఐడీ చివర ‘డెవెల్’ అని ఉంటుంది. రోడ్డు పనుల దగ్గర కనిపించే హెచ్చరిక చారలు ఐకాన్ మీద ఉంటాయి. ఆ చారల ఆలోచన నాకు చాలా నచ్చింది. అడుగున ఎన్ని ఐడీలు మార్చినా, టాస్క్‌బార్‌లో రెండు ఒకేలా కనిపిస్తే మనిషి చెయ్యి తప్పుదానిమీదే పడుతుంది.

అప్లికేషన్ మీదే అయితే ఇతర పద్ధతులన్నిటికంటే దీన్నే నేను సిఫారసు చేస్తాను. అయ్యే ఖర్చు బిల్డ్ స్క్రిప్టులో ఒకటి రెండు రోజుల పని, సంతకం చేసే సర్టిఫికెట్ల నమోదు, మ్యాక్ అయితే కెమెరా, ఫైళ్ల వంటి అనుమతులను రెండో కాపీకి మళ్లీ ఇచ్చుకోవడం. అప్‌డేట్ చానల్ విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. డెవలప్‌మెంట్ కాపీ ప్రొడక్షన్ అప్‌డేట్లు దొరికే చోటునే చూస్తూ ఉంటే, ఒక రాత్రి అది తనను తాను ప్రొడక్షన్ వెర్షన్‌గా మార్చుకుని, పొద్దున మీరు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. దీనికి తిరగబడ్డది ఇంకా చెడ్డది: ప్రొడక్షన్ కాపీకి టెస్ట్ చానల్ అంటుకుంటే, దుకాణదారులందరూ మీ పరీక్షకులు అవుతారు.

రెండో దారి: ప్రోగ్రాం ఏదైనా, డేటా సంచి వేరు

వేరొకరు చేసిన అప్లికేషన్‌కు గుర్తింపు మార్చడం మన చేతిలో లేదు. అప్పుడు దాని డేటా ఫోల్డర్‌ను మార్చగలమా అని చూడాలి. క్రోమ్, వీఎస్ కోడ్ వంటివాటికి డేటా ఫోల్డర్ ఎక్కడో చెప్పే ఫ్లాగ్ (ప్రోగ్రాంను తెరిచేటప్పుడు జోడించే సూచన) ఉంది. షార్ట్‌కట్ గుణాలలో ఆ ఫ్లాగ్‌ను చేర్చి, షార్ట్‌కట్‌కు వేరే పేరు పెట్టుకోవచ్చు. వీఎస్ కోడ్ జిప్ ఫైలును విప్పి, ఆ ప్రోగ్రాం పక్కనే ‘డేటా’ అనే ఫోల్డర్ పెడితే అది పోర్టబుల్‌గా మారి, అన్నీ ఆ ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. విండోస్‌లో, లినక్స్‌లో అలాంటి కాపీని అప్‌డేట్ చేసుకునే బాధ్యత మాత్రం మీదే. లినక్స్‌లో యాప్‌ఇమేజ్ (ఒకే ఫైలుగా వచ్చే అప్లికేషన్) ఫైలుకు కూడా పక్కన తగిన పేరుతో ఫోల్డర్ పెట్టి ఇదే పని చేయించవచ్చు.

ఫైర్‌ఫాక్స్ ఈ పనిని తనంతట తానే చేస్తుంది. 2019 మే నెలలో వచ్చిన 67వ వెర్షన్ నుంచి, కంప్యూటర్లో ఉన్న ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్‌ను కేటాయిస్తోంది. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌తో తెరవబోతే హెచ్చరించి, కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. ఆ శనివారం మా అప్లికేషన్ కూడా తెరవనని ఆగింది, డేటాను పాడుచేయలేదు. ఆ మేరకు మంచిదే. కానీ డెవలప్‌మెంట్ కాపీ డేటాబేస్‌ను మార్చే ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టి ఉంటే, నేను ఆ బిల్లులు మళ్లీ ఎక్కించవలసిన అవసరమే ఉండేది కాదు.

ఈ పద్ధతి తేలిక, చవక. లోపం ఏమిటంటే, ఇది క్రమశిక్షణ మీద నిలబడుతుంది. షార్ట్‌కట్ ద్వారా తెరిస్తే ఫ్లాగ్ ఉంటుంది. ఎవరో పంపిన ఫైలు మీద రెండుసార్లు నొక్కితే, ఫ్లాగ్ లేకుండా అసలు డేటాతో తెరుచుకుంటుంది. కాబట్టి ఒక్కరే వాడే కంప్యూటర్‌కు ఇది చాలు, నలుగురి చేతులు పడే కౌంటర్‌కు చాలదు.

ఫ్లాట్‌పాక్, స్నాప్ వాడేవారికి ఒక్క హెచ్చరిక

లినక్స్‌లో ఫ్లాట్‌పాక్, స్నాప్ అనేవి అప్లికేషన్లను ఇన్‌స్టాల్ చేసే పద్ధతులు. ఫ్లాట్‌పాక్ ద్వారా ఒకే అప్లికేషన్ స్టేబుల్, బీటా శాఖలను రెండింటినీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, శాఖ పేరు చెప్పి ఏది కావాలంటే దాన్ని నడపవచ్చు. ఇది చూసి అంతా వేరైపోయిందని చాలామంది భ్రమపడతారు. ఫ్లాట్‌పాక్ డేటాను అప్లికేషన్ ఐడీ పేరుతో పెడుతుంది, శాఖ పేరుతో కాదు. అందువల్ల ఐడీ ఒకటే ఉన్న రెండు శాఖలూ ఒకే డేటా ఫోల్డర్‌ను పంచుకుంటాయి. మా చిక్‌పేట కథ ఇక్కడా జరగగలదు. గ్నోమ్ వారు ఐడీకి ‘డెవెల్’ తగిలించడం వల్ల ఈ బాధ కూడా తప్పుతుంది. స్నాప్‌లో పేరు చివర అండర్‌స్కోర్, ఒక గుర్తు చేర్చి ఒకే స్నాప్‌ను రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసే సౌకర్యం ఉంది, డేటా కూడా విడిపోతుంది. అయితే ముందుగా ఆ సౌకర్యాన్ని ప్రయోగాత్మక సెట్టింగ్‌గా ఆన్ చేయాలి.

కంప్యూటర్‌నే విడదీయడం

మరొక యూజర్ అకౌంట్ తయారుచేసి డెవలప్‌మెంట్ వెర్షన్‌ను అందులో నడపడం పాతకాలపు పద్ధతి. యూజర్ ఫోల్డర్‌లో ఉండే డేటా, సెట్టింగ్‌లు, చిరునామా పద్ధతుల నమోదు అన్నీ దానివల్ల విడిపోతాయి. యంత్రం మొత్తానికి ఒకటే ఉండే సర్వీసులు, పోర్టులు, డ్రైవర్లు విడిపోవు. గుర్తింపు మార్చడానికి వీలులేని, డేటా ఫోల్డర్ ఫ్లాగ్ కూడా లేని పాత అప్లికేషన్‌కు ఇది సగం మందు. ఆ సగమే చాలా సందర్భాలలో సరిపోతుంది.

విండోస్ శాండ్‌బాక్స్ (విండోస్ లోపలే తెరుచుకునే తాత్కాలిక విండోస్) విండోస్ 10 1903 వెర్షన్ నుంచి ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో ఉంది, హోమ్‌లో లేదు. దాన్ని మూసేస్తే లోపల చేసినదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, ఒక ఇన్‌స్టాలర్ శుభ్రమైన యంత్రంలో ఎలా ప్రవర్తిస్తుందో ఒక్కసారి చూడటానికి అది బాగుంటుంది; వారం రోజుల పరీక్షకు పనికిరాదు. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) అయితే పని నిలుస్తుంది, స్నాప్‌షాట్ తీసుకుని వెనక్కి వెళ్లవచ్చు, కానీ ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో రెండు విండోస్‌లు ఒకేసారి నడిపితే బ్రౌజర్‌లో రెండు ట్యాబ్‌లు తెరవడానికి కూడా వెనకాడవలసి వస్తుంది.

తెలుగులో ప్రింట్ చేసే అప్లికేషన్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు ఐచ్ఛికం అయ్యాయి. తెలుగు భాషను చేర్చుకున్న యంత్రంలోకి అవి వస్తాయి, శుభ్రమైన శాండ్‌బాక్స్‌లో ఉండవు. అక్కడ నిర్మలా యూఐ ఫాంట్ ఆ స్థానాన్ని తీసుకోవడం వల్ల, బిల్లు మీద చీర పేరున్న గడి వెడల్పు మారి, ధర పక్క వరుసకు జారిపోతుంది. ఒకసారి దాన్ని కొత్త వెర్షన్‌లో వచ్చిన తప్పుగా భావించి సగం రోజు వెతికాము. వేరు చేసిన యంత్రం అసలు యంత్రంలా ఉండదు. అది ఈ పద్ధతికి ఉన్న బలమూ, బలహీనతా.

అయితే ఎవరికి ఏది

మీ అప్లికేషన్‌ను మీరే రాస్తున్నట్లయితే మొదటి దారిని మొదటి వారంలోనే పట్టండి. పదిమంది వాడుకరులు వచ్చాక గుర్తింపు మార్చాలంటే వారి డేటాను కొత్త చోటికి తరలించే కోడ్ కూడా రాయవలసి వస్తుంది. వేరొకరి అప్లికేషన్ బీటాను చూడాలనుకుంటే, తయారీదారు విడిగా ఇచ్చే బీటా ఉందేమో ముందు చూడండి, లేకపోతే పోర్టబుల్ కాపీ, అదీ కుదరకపోతే వేరే యూజర్ అకౌంట్. డ్రైవర్‌నో సర్వీస్‌నో ఇన్‌స్టాల్ చేసే అప్లికేషన్‌కు పక్కపక్కన అనే మాటే మరచిపోండి: వర్చువల్ మెషీన్, లేదా రెండో కంప్యూటర్. మారతహళ్ళిలో మా గదిలో ముగ్గురం ఉంటున్నాము, ముగ్గురివీ ఆఫీసు లాప్‌టాప్‌లే. అందుకని మూలన పడిన ఒక పాత డెస్క్‌టాప్‌ను దుమ్ము దులిపి ఆ పనికి పెట్టుకున్నాము, వర్చువల్ మెషీన్‌తో వేగే కంటే అదే సుఖంగా ఉంది.

ఏ దారి పట్టినా విడిపోనివి రెండు మిగులుతాయి. మొదటిది మీరు తయారుచేసే ఫైళ్లు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ తన సెట్టింగ్‌లను వెర్షన్‌వారీగా విడివిడి ఫోల్డర్లలో పెట్టుకుంటుంది గానీ, మీ బొమ్మ ఉన్న ఫైలు ఒక్కటే. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలును పాతది పూర్తిగా అర్థం చేసుకోలేకపోవచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో కెనరీ, స్టేబుల్ వెర్షన్లకు సెట్టింగ్‌లు వేరే అయినా, గ్రేడిల్ (దాని బిల్డ్ సాధనం) క్యాష్ ఫోల్డర్ మామూలుగా ఉమ్మడిదే. కాబట్టి డెవలప్‌మెంట్ కాపీతో తెరిచే ఫైలు ఎప్పుడూ నకలై ఉండాలి.

రెండోది అన్‌ఇన్‌స్టాలర్. పరీక్ష అయిపోయాక డెవలప్‌మెంట్ కాపీని తీసేసేటప్పుడు, అప్లికేషన్ డేటాను కూడా తొలగించే ఏర్పాటు అందులో ఉంటే, ఆ డేటా ఫోల్డర్ ఉమ్మడిది అయితే, తుడిచిపెట్టుకుపోయేది అసలు డేటా. తీసేసే ముందు రెండు కాపీలనూ తెరిచి, ‘గురించి’ పేజీలో డేటా ఫోల్డర్ దారి ఏముందో కళ్లతో చూడాలి. మా అప్లికేషన్‌లో ఆ పేజీలో ఆ దారి కనిపించేలా చేసినది ఆ శనివారం తరువాతే.

ఇప్పుడు చిక్‌పేట కౌంటర్‌లో రెండు కాపీలు ఉన్నాయి. టెస్ట్ కాపీ ఐడీ, పేరు, డేటా ఫోల్డర్, చిరునామా పద్ధతి అన్నీ వేరే. కిటికీ పైన మందమైన ఎర్ర పట్టీ. అసలు డేటా ఉదయం బ్యాకప్ నుంచి నకలుగా వస్తుంది. బిల్లు నంబర్లు ‘టి’ అక్షరంతో మొదలవుతాయి, ప్రింట్ తీస్తే కాగితానికి అడ్డంగా ‘నమూనా’ అని పడుతుంది. కౌంటర్ కుర్రవాడు దాన్ని ‘ఎర్రది’ అంటాడు. కస్టమర్ ఎదుట ఎర్రది తెరవకూడదని యజమాని అతనికి నా ముందే చెప్పారు.